రెండు కిలోల పైచిలుకు

వాడకం దేనికండీ అని షాపు బుజ్జిబాబు మళ్లీ అడిగాడు, మామూలు వాడకానికేనండీ, రోజూ వాడుకోడానికి అని యామిని మళ్లీ అదే చెప్పింది, ఆ ఒక్క ముక్క దాటి ఇంకో ముక్క ఆ పిల్ల నోట్లోంచి ఊడిపడదని భీమరాజుకి ఈపాటికి తెలిసిపోయింది. ఇంటి దగ్గర ఆటో ఎక్కినప్పటి నుంచీ అంతే. ఎలాంటి లాప్‌టాప్ కావాలమ్మా అంటే తక్కువలో వచ్చేది ఏదైనా పర్లేదు నాన్నా అంది. ఎందుకమ్మా అంటే మామూలుగానే అంది. ఉప్పలగుప్తం నుంచి అమలాపురం దాకా మోకాలికి మోకాలు ఆనించుకుని కూర్చుని వచ్చినా తండ్రీకూతుళ్ల మధ్య నడిచిన మాటలు ఈ రెండే, మిగతా దారంతా ఆటోవాడి పాటలే. ఇప్పుడీ ఏసీ షాపులో, గాజు బల్ల మీద వరసగా నోళ్లు తెరుచుకుని ఉన్న లాప్‌టాపుల ముందు, పరాయివాడు అడిగితే పరాయివాడికీ అదే జవాబు, కన్నతండ్రి అడిగితే కన్నతండ్రికీ అదే జవాబు. చిరాకు వెయ్యదూ మనిషికి?

బుజ్జిబాబు మంచివాడే. నలభై దాటిన మనిషి, గడియార స్తంభం దగ్గర ఈ షాపు పెట్టకముందు టీవీలు బాగుచేసేవాడట. ఆయ్ అండీ, ఆయ్ అండీ అంటూ ఒక్కొక్కదాన్నీ ఇటు తిప్పి చూపిస్తూ, ఇది ఎనిమిది జీబీ ర్యామండీ, ఇది పదహారండీ, ఇది పాత జనరేషనండీ, ఇది కొత్త జనరేషనండీ అని చెప్పుకుపోయాడు. లాప్‌టాపులకీ తాతలూ తండ్రులూ మనవలూ ఉంటారని భీమరాజుకి ఇవాళే తెలిసింది. తలాడించాడు. ఎంత ఆడించినా ఒక్క ముక్క లోపలికి దిగలేదు. చివరికి తనకి చేతనైన పని తను చేశాడు. ఒక్కొక్కదాని మూత మూసి, కుడిచేతి మీద పెట్టుకుని, కొంచెం పైకీ కిందకీ ఆడించి తూచాడు. బూడిదరంగుది ఒకటి, పల్చటిది, అరచేతిలో ఉందా లేదా అన్నట్టుంది. కిలో మూడు వందలు ఉంటుంది, అంతకు మించదు. ఇది బావుంది అన్నాడు. అది కొంచెం రేటెక్కువండీ, అయినా బరువు చూసి కొనేవాళ్లని నేనిప్పటిదాకా చూళ్లేదండీ అని నవ్వాడు బుజ్జిబాబు. యామిని నవ్వలేదు. ఆ పిల్ల అప్పటికే బల్ల చివరికి వెళ్లి, అక్కడ ఎవరూ పట్టించుకోకుండా పడి ఉన్న నల్ల లాప్‌టాప్ ముందు స్టూలు లాక్కుని కూర్చుంది. వెడల్పాటిది, మందపాటిది, చూస్తేనే భుజం లాగుతుంది. భీమరాజు వెళ్లి దాన్ని ఎత్తి చూసి వెంటనే దింపేశాడు. రెండు కిలోల పైచిలుకు. దాని చార్జరే ఇటుకముక్కంత ఉంది. ఇది వద్దమ్మా, ఆ పల్చటిదే తీసుకుందాం, రేటు సంగతి నీకెందుకు అన్నాడు. సరే నాన్నా, మీ ఇష్టం అంది.

మీ ఇష్టం. కాదు అంటే వాదించొచ్చు, అలిగితే బతిమాలొచ్చు, మీ ఇష్టం అన్నాక ఇంక చెయ్యడానికి ఏం మిగులుతుంది? తన ఇష్టమట. ఇరవై ఏళ్ల పైగా కువైట్‌లో ఒకరి కారు తోలిన మనిషికి ఇష్టం అనేదాన్ని ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలీదు. అయినా సరే, కొనాలనుకున్నాడు, కొంటాడు. బల్ల మీదున్నది చూపించే పీసండీ, సీలు తియ్యనిది గోడౌన్లో ఉంది, మనిషిని పంపేను, ఒక్క అరగంట కూర్చోండి అన్నాడు బుజ్జిబాబు. గోదావరి అరగంట ఎంత పొడుగో భీమరాజుకి తెలుసు. గోడవార కుర్చీలో కూర్చున్నాడు. కూతురేమో బల్ల అవతల, ఆ నల్లదాని ముందే, కొనేది అది కాదని తేలిపోయినా దాని మీదే వేళ్లు ఆడిస్తోంది. కుడిపక్కన అంకెల మీటలు ఒక గడిలాగా ఉన్నాయి, వాటినే టకటకా నొక్కి, తెరవైపు చూసి, మళ్లీ నొక్కుతోంది. ఏం నొక్కుతోందో. అడిగితే చెబుతుంది, మామూలుగానే నాన్నా అని.

నెత్తిమీద ఏసీ గాలి చల్లగా మెడ మీద పడింది. అక్కడా ఇంతే, బయట నిప్పులు, లోపల ఐసు, ఆ రెంటికీ మధ్య డోరు తీసి మూస్తూ గడిచిపోయింది జీవితం. షాపులో ఎవరో పెట్టెకి టేపు అంటించారు, రోలు మీంచి టేపు లాగినప్పుడు వచ్చే ఆ చప్పుడు, ర్ర్‌మని, అది విన్నాడో లేదో భీమరాజుకి కువైట్‌లో నలుగురితో కలిసి ఉన్న గది గుర్తొచ్చింది. సెలవు దొరికిన నెల్లో ఆ గదంతా అదే చప్పుడు. రాజోలు నుంచి వచ్చిన జాన్, వాడూ డ్రైవరే, మంచాల మధ్య నిలబడి పెట్టెలకి టేపు చుట్టేవాడు, చుట్టి చుట్టి, దానిమీద స్కెచ్చి పెన్నుతో పేరూ ఊరూ రాసేవాడు. తలుపు కొక్కేనికి స్ప్రింగు కాటా. గదిలో అందరిదీ ఒకటే కాటా, అందరి పండగా దానిమీదే. విమానంవాడు ముప్పై కిలోలు అన్నాడంటే ముప్పయ్యే, ఒక సబ్బు ఎక్కువైనా వరస ఆపేసి అందరి ముందూ పెట్టె విప్పమంటాడు. ఒకసారి విప్పాడు భీమరాజు. పాలపొడి డబ్బాలు, తలనొప్పి తైలం సీసాలు, దుప్పటి, భార్య సత్యవేణికి కొన్న లోపలి బట్టలు, అన్నీ ఆ నున్నటి నేల మీద, వెనక నిలబడ్డవాళ్లు చూసీ చూడనట్టు చూస్తుంటే. ఆవేళ ఒట్టు పెట్టుకున్నాడు, ఇంకెప్పుడూ ఇలా జరగకూడదని. అప్పటినుంచే చేతికి ఆ గుణం పట్టింది. ఏది ముట్టుకున్నా ముందు బరువే తెలుస్తుంది, తర్వాతే అది ఏమిటో తెలుస్తుంది. నీ చెయ్యే కాటారా, ఇంక ఆ స్ప్రింగుని అవతల పారేద్దాం అనేవాడు జాన్.

ఆ చేత్తో ఎన్ని లాప్‌టాపులు మోసుకొచ్చాడు ఈ గడ్డకి! సెలవు ఖాయమైందని తెలిస్తే చాలు, ఫోన్లు మొదలయ్యేవి. మేనల్లుడికి ఒకటి. సర్పంచిగారి తమ్ముడి కొడుక్కి ఒకటి. ఎదురింటి గంగాభవాని అక్కయ్య మనవడికి ఒకటి, ఇంజినీరింగులో చేరాడట, అది లేకపోతే క్లాసులోకి రానివ్వరట. అక్కడైతే చవకా, అసలు సరుకూ అని ఊరందరి నమ్మకం. చవకా కాదు, ఏమీ కాదు, ఎవరు వింటారు? తీరా తెచ్చి ఇస్తే మీటల మీద అరబ్బీ అక్షరాలు. గంగాభవాని అక్కయ్య వాటిని చూసి మురిసిపోయింది, చూడండి ఫారిన్ సరుకు ఎలా ఉందో, ఇలాంటి అక్షరాలు ఇక్కడ దొరుకుతాయా అంది. మనవడు మాత్రం నెల తిరక్కుండా దానిమీద ఇంగ్లీషు స్టిక్కర్లు అంటించుకున్నాడు. అందరికీ తెచ్చాడు. తన ఇంటికి తేలేదు. యామిని చిన్నది కదా, ఇప్పుడెందుకు అనుకున్నాడు. పదికొచ్చింది, ఇంటరుకొచ్చింది, వచ్చేసారి చూద్దాం అనుకున్నాడు. వచ్చేసారికి పెట్టెలో ఇంకెవరిదో ఉండేది. డిగ్రీ మూడేళ్లూ ఆ పిల్ల కాలేజీ ల్యాబులో ఒకటీ, చేతి ఫోనులో ఒకటీ చేసి గట్టెక్కింది. ఒక్కనాడు నాకు కావాలి అనలేదు. అడగనివాళ్లకి ఇవ్వక్కర్లేదనుకునే మనిషి కాదు తను. కానీ అడిగినవాళ్లే అంతమంది ఉంటే!

అక్కడ యజమాని కూతురు ఉండేది. అతన్ని బాబా అని పిలిచేవాళ్లు ఇంట్లో పనివాళ్లందరూ, కూతురిని చిన్నమ్మ అన్నట్టు ఒక పేరుతో. ఆ పిల్ల చిన్న క్లాసు నుంచి కాలేజీ దాకా భీమరాజు కారులోనే పెరిగింది. రోజూ పొద్దున్నే ఆ పిల్ల బ్యాగు మెట్ల మీంచి తెచ్చి డిక్కీలో పెట్టేది తనే. ఏ ఏడు ఆ బ్యాగు ఎంత బరువెక్కిందో తనకి తెలుసు, ఏ ఏడు పుస్తకాలు పోయి లాప్‌టాప్ వచ్చి తేలికైందో తెలుసు, పరీక్షల రోజుల్లో ఆ పిల్ల వెనక సీట్లో పెదవులు ఎలా కదుపుతుందో అద్దంలో చూసి తెలుసు. యామిని స్కూలు బ్యాగు ఒక్కసారైనా ఎత్తాడా? ఎత్తలేదు. దాని రంగేమిటో ఫోటోలో చూశాడు.

బల్ల అవతల టకటకలు ఆగాయి. చూశాడు. యామిని పిడికిలి గడ్డం కింద పెట్టుకుని తెరలోకి చూస్తోంది, కనుబొమలు ముడేసుకుని. ఆ ముడి సత్యవేణిది. బీరువా ముందు నిలబడి, ఏ వస్తువు ఎక్కడ పెట్టాలా అని ఆలోచించేటప్పుడు సత్యవేణి అలాగే ముడేస్తుంది. కువైట్ నుంచి వచ్చిన ప్రతి వస్తువుకీ ఆ ఇంట్లో ఒకటే చోటు, గాజు తలుపుల షోకేసు. ప్లేట్ల సెట్టు, పూల ఫ్లాస్కు, సెంటు సీసాలు, ఎలక్ట్రిక్ కుక్కరు, కవర్లతో సహా. ఎందుకే వాడవు అంటే, మీరొచ్చేక వాడదామండీ అనేది. వచ్చేవాడు. ఉన్న నెలా చుట్టాలతో, పెళ్లిళ్లతో గడిచిపోయేది. మళ్లీ మీరొచ్చేక. సెంటు సీసాల్లో సెంటు దానంతటదే సగానికి తగ్గిపోయింది. దుప్పట్ల మీద చలి పడనేలేదు, ఈ ఊళ్లో అంత చలి ఎక్కడిది? మామూలు వాడకానికేమో సంతలో కొన్న స్టీలు ప్లేట్లు, సొట్టలు పడ్డ ఫ్లాస్కు, వాటిని చూస్తే ఇంట్లోవాళ్ల చేతులు వాటంతటవే వెళ్లిపోతాయి. ఇప్పుడు తనొచ్చేశాడు, ఇంక వెళ్లేది లేదు, వీసా రద్దు చేయించుకుని మరీ వచ్చేశాడు. అయినా ఆ షోకేసు తలుపు తెరుచుకోలేదు. ఒక్కోసారి ఆ గాజులో తన నీడ చూసుకుంటే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. తనూ అందులో వస్తువే. రెండేళ్లకోసారి తుడిచి బయటికి తీసేది, నలుగురికీ చూపించేది. రోజువారీ వాడకానికి పనికొస్తాడో లేదో ఇంట్లో ఎవరికీ తెలీదు, అసలు తనకే తెలీదు. ఏ స్విచ్చి ఏ లైటుదో ఇప్పటికీ తప్పే నొక్కుతాడు. వంటింట్లోకి వెళ్తే సత్యవేణి ఏం కావాలండీ అని లేచి నిలబడుతుంది, అతిథి వచ్చినట్టు. యామిని చిన్నప్పుడు ఫోనులో నాన్నా నువ్వెప్పుడొస్తావ్ అనేది. వచ్చేశాక మీరు అంటోంది.

ఫోనులో అలవాటు పడిపోయారు ముగ్గురూ. తిన్నావా, తిన్నాను. బాగున్నావా, బాగున్నాను. అక్కడ ఎండలు ఎలా ఉన్నాయి, ఇక్కడ వానలు ఎలా ఉన్నాయి. జవాబు చెప్పలేని ప్రశ్న ఎవరూ అడిగేవాళ్లు కాదు, దూరాన ఉన్న మనిషిని కష్టపెట్టడం ఎందుకని. ఇప్పుడు ఒకే కప్పు కింద ఉన్నా అదే వరస, తిన్నారా నాన్నా, తిన్నానమ్మా. దగ్గరగా కూర్చుని మాట్లాడటం అనే పని ఎవరైనా నేర్పితే బావుండు, డ్రైవింగు నేర్పినట్టు, ముందు క్లచ్చి, తర్వాత గేరు అని.

అందుకే కదా మొన్న సాయంత్రం ఆ మాటలు చెవిన పడ్డా అడగలేకపోయాడు. యామిని పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో నిలబడి ఫోనులో మాట్లాడుతోంది, స్నేహితురాలు రమ్యశ్రీతో. తను నూతి దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు. ఒకటో తారీకు జాయినింగు అంది యామిని. తర్వాత హాస్టలు, హైదరాబాదు, ఇద్దరికో గది అయితే నయం, ఇలా ఏవో ముక్కలు వినిపించాయి. ఆ రాత్రి భోజనాల దగ్గర సత్యవేణి అంది, దానికి ఒకటో తారీకు నించీ ఉద్యోగమటండీ, ముందు లాప్‌టాపు కావాలట, మీరు తీసుకెళ్లి కొనిపెట్టండి అని. తను సరే అన్నాడు. యామిని పప్పు కలుపుకుంటూ తలొంచుకుంది. ఎక్కడమ్మా ఉద్యోగం అన్న మాట భీమరాజు గొంతు దాకా వచ్చి, అక్కడే అన్నం ముద్దతో పాటు లోపలికి పోయింది. తెలిసిందే మళ్లీ అడిగి చెప్పించుకోవడం దేనికి?

ఒళ్లు మండదా? ఇన్నేళ్లూ ఎడారిలో ఉండి, ఇంక చాలు, పిల్ల ఎదుట ఉంటే చాలు అనుకుని వచ్చి నెల గడిచిందో లేదో, ఆ పిల్ల పెట్టె సర్దుకుంటానంటోంది. ఎవరి మీద మండాలో తెలియకపోవడం ఇంకో మంట. ఉద్యోగం మీదా? హైదరాబాదు మీదా? వెళ్లకమ్మా అని అనడానికి తనకి ఏ మొహం ఉంది? వెళ్లడం ఎలాగో ఈ ఇంట్లో మొదట చూపించింది తనే. రమ్యశ్రీ వెళ్లి ఏడాదైంది, వాళ్ల నాన్నని మొన్న బస్టాండులో చూశాడు, పొద్దున్న దిగిన కూతురిని సాయంత్రం ఎక్కించడానికి వచ్చాడు, సంచీ తను పట్టుకుని, ఊరికే అటూ ఇటూ నడుస్తూ. రేపటినుంచి తనూ అంతే. సరే, ఆపలేడు, ఆపడు. కనీసం భుజం మీద బరువైనా తగ్గించాలి. మొయ్యడం అంటే ఏమిటో ఆ షాపాయనకి తెలీదు, ఈ పిల్లకీ తెలీదు. బస్సు దిగి ఆటో కోసం నడిచేటప్పుడు, హాస్టలు మెట్లు ఎక్కేటప్పుడు, కూర్చోడానికి చోటు లేక తగిలించుకుని నిలబడ్డప్పుడు ఏడెనిమిది వందల గ్రాముల తేడా ఏమిటో భుజానికి తెలుస్తుంది, అప్పుడు నాన్న పల్చటిది ఎందుకు కొన్నాడో తెలుస్తుంది. రోజూ వాడుకోడానికట! రోజూ మొయ్యడానికి అని చెప్పదేం?

షాపు బయట కొబ్బరికాయల లారీ వెళ్లింది, అద్దాలు అదిరాయి. గోడౌనుకి వెళ్లినవాడి జాడ లేదు. వచ్చేస్తున్నాడండీ, దార్లో ఉన్నాడు అని బుజ్జిబాబు టీ తెప్పించాడు. వేడి గ్లాసు చేతిలోకి తీసుకోగానే చెయ్యి దాన్నీ తూచింది, నూట యాభై. తన మీద తనకే విసుగేసింది. ఈ చెయ్యి ఏదీ వదలదు. ఒక్కటి మాత్రం, తూచి తప్పు చేసింది.

యామిని అప్పుడు ఒకటో క్లాసు. సెలవు అయిపోయి వెళ్లే రోజు మధ్యాహ్నం, వసారా దూలానికి కాటా కట్టి పెట్టె వేలాడదీశాడు. ముల్లు ముప్పై దాటి కూర్చుంది. పెట్టె నిండా ఊళ్లోవాళ్లవే. జాన్ వాళ్లమ్మ రాజోలు నుంచి బస్సులో పంపిన ఆవకాయ జాడీ, ఎవరి కొడుక్కో ఎండు రొయ్యలు, ఎవరి మొగుడికో కొబ్బరి ఉండలు, జిలేబీలు, పంచెలు. ఏదీ తియ్యడానికి లేదు. గుమ్మంలో నిలబడి రెండు చేతులతో ఇచ్చి వెళ్లారు, సరేనని మాటిచ్చాడు, అక్కడ్నుంచి జాన్ రోజూ ఫోను చేసి బయల్దేరేవా అని అడుగుతున్నాడు. తియ్యగలిగితే తనవే తియ్యాలి. ఒక చొక్కా తీశాడు. చెప్పులు తీశాడు. అడుగున లుంగీ మడతలో గట్టిగా ఏదో తగిలింది. పలక. రాతి పలక, చెక్క చట్రంది. దానిమీద బలపంతో నాన్న అని, కింద యామిని అని, మి గుడి కొంచెం పక్కకి పోయి. చెరిగిపోకుండా లుంగీలో చుట్టి, ఎవరూ చూడకుండా పిల్ల తనే పెట్టేసింది. చేతిలో పట్టుకుంటే అరకిలో పైనే. జాడీ కేసి చూశాడు, రొయ్యల సంచీ కేసి చూశాడు. పిల్ల పెరట్లో ఆడుకుంటోందనుకున్నాడు. పలక తీసి బియ్యం డ్రమ్ము వెనక పెట్టేశాడు. ముల్లు ముప్పై దగ్గర నిలబడింది.

వెళ్లాక మొదటి ఫోనులోనే అడిగింది, నా పలక చూసుకున్నావా నాన్నా అని. చూసుకున్నానమ్మా అన్నాడు. రోజూ చూసుకుంటున్నావా? రోజూ చూసుకుంటున్నానమ్మా, తలగడ పక్కనే ఉంది. ఇంకో రెండు మూడు ఫోన్లలో అడిగింది, అదే జవాబు చెప్పాడు. తర్వాత అడగడం మానేసింది. చిన్నపిల్ల, మర్చిపోయిందిలే అనుకున్నాడు. తను మాత్రం మర్చిపోలేదు.

తలుపు తోసుకుని గోడౌను మనిషి వచ్చాడు, సన్నటి అట్టపెట్టె బల్ల మీద పెట్టాడు. బుజ్జిబాబు దుమ్ము తుడిచి, సీలు చూసుకోండి, బిల్లు వేసేస్తున్నాను అన్నాడు. భీమరాజు లేచాడు. ఇంతసేపూ కూర్చుని ఎక్కించుకున్న విసుగంతా ఆ ఒక్క నిమిషంలో నాలిక మీదకొచ్చింది. నల్లదాని ముందు నుంచి ఇంకా లేవని కూతురి వైపు తిరిగి, కొంచెం గట్టిగానే అన్నాడు.

"ఇంకా దాన్నే పట్టుకుని కూచున్నావేంటమ్మా? బస్సుల్లోనూ హాస్టల్లోనూ ఆ గుదిబండ ఎలా మోస్తావు నువ్వు?"

యామిని తలెత్తి చూసింది. "హాస్టలేంటి నాన్నా?"

"హైదరాబాదులో. ఫోన్లో అనుకుంటుంటే విన్నాను."

"అది రమ్యశ్రీ హాస్టలు నాన్నా, మారుతోందట. నేనెక్కడికి వెళ్తున్నాను?"

తర్వాత ఆ పిల్ల చెప్పింది, తాపీగా, బుజ్జిబాబు బిల్లు పుస్తకం మీద పెన్ను ఆపి వింటుండగానే. అమలాపురంలోనే ఒక ఆడిటరు గారు, రొయ్యల చెరువుల వాళ్లవీ, మేతల షాపుల వాళ్లవీ లెక్కలు చూస్తారట. ఇంటి దగ్గర కూర్చునే ఎక్కించాలట, వారానికొకసారి వచ్చి కనిపిస్తే చాలట. రోజంతా అంకెలే కొట్టాలి, అందుకే పక్కన అంకెల మీటలున్నది కావాలి. పల్చటిదాంట్లో అవి లేవు, తెరా చిన్నది. రేటు కూడా దీనిదే తక్కువ.

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేమ్మా?"

"మీరు అడగలేదు కదా నాన్నా. అమ్మ చెప్పేసుంటుందిలే అనుకున్నాను."

ఉన్నపళంగా భీమరాజు భుజాల మీంచి ఏదో దిగిపోయింది. హైదరాబాదు లేదు, హాస్టలు లేదు. తన కూతురు ఎక్కడికీ వెళ్లట్లేదు. ఆ సంగతి ఇంట్లో అన్నం తింటూ ఒక్క మాట అడిగితే తెలిసేది. ఆ మాట అడక్కుండా ఒకటో తారీకు కోసం ఉరికంబం కేసి చూసినట్టు చూస్తూ కూర్చున్నాడు, తనంత బుద్ధితక్కువ మనిషి ఇంకోడు ఉంటాడా. అయినా అలవాటైపోయిన చెయ్యి ఊరుకోలేదు, వెళ్లి నల్లదాని అంచు పట్టుకుంది, మాట ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు, అయినా మరీ బరువమ్మా అని.

యామిని నవ్వింది. వచ్చిన నెలలో ఆ పిల్ల తనని చూసి నవ్వడం అదే మొదలు.

"ఉండనీ నాన్నా. ఇంట్లోనే ఉంటుంది కదా. బరువెక్కువైందని తీసి బియ్యం డ్రమ్ము వెనక పెట్టక్కర్లేదు నువ్వు."

నవ్వుతూనే అంది. అంకెల మీటల మీంచి చెయ్యి కూడా తియ్యలేదు. భీమరాజు బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయాడు. చూసిందన్న మాట. పెరట్లో లేదన్న మాట. చూసి, తెలిసి, ఫోను చేసి అడిగింది, చూసుకుంటున్నావా నాన్నా అని. తను చూసుకుంటున్నానన్నాడు, తలగడ పక్కనే అన్నాడు, అవతల ఆ పిల్ల పలక ఒళ్లో పెట్టుకుని విన్నదో ఏమో. ఏది బిల్లు వెయ్యమంటారండీ అని బుజ్జిబాబు అడిగితే, ఆ నల్లదేనండీ అన్నాడు. మోసుకెళ్లడానికి బ్యాగు ఫ్రీ అండీ అన్నాడు బుజ్జిబాబు. బ్యాగొద్దండీ, దాని బదులు మౌసు ఇస్తారా అంది యామిని. ఆయ్, తప్పకుండానండీ అన్నాడాయన.

ఆటోలో పెట్టె భీమరాజు ఒళ్లో ఉంది. ఇటివ్వు నాన్నా నేను పట్టుకుంటాను అని కూతురు అంటే ఇవ్వలేదు. అమలాపురం దాటారు, కొబ్బరితోటలు మొదలయ్యాయి. సత్యవేణి ఫోను చేసింది, కొన్నారా, కవరు తియ్యకండి, శుక్రవారం బొట్టు పెట్టి తీద్దాం, అందాకా షోకేసులో పెడదాం అంది. సాయంత్రం నుంచే పిల్ల వాడుకుంటుందిలేవే అని పెట్టేశాడు. ఆటోవాడి పాటలు మోగుతూనే ఉన్నాయి. కొంచెం పాట తగ్గించవయ్యా అన్నాడు భీమరాజు. ఉప్పలగుప్తం చేరబోతుండగా, పెట్టె మీద చెయ్యి వేసుకుని, రోడ్డు వైపే చూస్తూ అడిగాడు.

"ఆ పలక ఇప్పుడెక్కడుందమ్మా?"

"ఎప్పుడో పగిలిపోయింది నాన్నా," అంది యామిని. "రోజూ వాడేను కదా."